పన్నెండో గుంజ

నల్లూబి తూర్పు ఒడ్డున వెలసిన ఆ కోటను దూరం నుంచి చూసినవాళ్ళు ఇంద్రభవనమే నేలకు దిగిందనుకుంటారు. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికి ఏడేసి బురుజులు, ప్రతి బురుజుకూ పచ్చల తాపడం, ఉదయపు ఎండ పడితే కళ్ళు చెదిరే బంగారు కలశాలు, గాలి వీస్తే గలగలమని మోగే వేయి గంటలు! దగ్గరికి వెళ్ళి చూసినవాళ్ళు ఏమనుకున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. తూర్పున ఉన్న సింహముఖ ద్వారం లోపలికి వచ్చేవాళ్ళకే తెరుచుకుంటుంది, బయటికి పోవాలనుకునేవాళ్ళకు అది ఉత్త గోడ. ఇంత సొగసైన కోట కట్టి, అందులో మనిషి నవ్వే వీలు లేకుండా చేసిన ఘనుడి పేరు గరళాక్షుడు. అతను మాంత్రికుడు.

కోటలోని అశ్వశాల ముంగిట పదకొండు రాతి గుంజలు వరసగా ఉంటాయి. గుర్రాలను కట్టేయడానికి నాటినవే అనిపిస్తుంది. కాస్త నిదానించి చూస్తే ఒకదానికి తలపాగా మడతలు కనిపిస్తాయి, ఇంకొకదానికి బిగించిన పిడికిలి, మరొకదానికి ముఖానికి అడ్డం పెట్టుకున్న మోచెయ్యి. పదకొండూ ఒకప్పుడు మనుషులే. పేరు మోసిన సాహిణులు. గుర్రాన్ని మేపి, మచ్చిక చేసి, వేళ చూసి జతకట్టించి, ఈనేటప్పుడు పిల్లను చేతుల్లోకి అందుకునేవాడే సాహిణి. గరళాక్షుడు చెప్పిన పని చేయలేక ఒక్కొక్కరే రాయైపోయారు.

పదకొండో గుంజ పేరు మాచన. వయసు ఇరవై ఆరు. రాయి కాకముందు బాగా పాడేవాడు.

ఆ గుంజకు ఎదురుగా పొయ్యి పెట్టుకుని ఒక ముసలి సాహిణి ఇరవై రోజులుగా ఉలవలు ఉడకబెడుతున్నాడు. కోటలో అందరికీ అతను ఉత్తరదేశం నుంచి వచ్చిన భల్లణుడు. వెంట ఒక మూగ పనివాడు, ఒక ఆడగుర్రం. నిజానికి ఆ ముసలివాడు కనకశిల రాజ్యపు కొమ్మన సాహిణి, మాచన కన్నతండ్రి. మూగవాడు మూగవాడు కాదు. కొమ్మన రెండో కొడుకు బయ్యన. నోరు విప్పితే కనకశిల యాస పట్టుబడుతుందని తండ్రి అతన్ని మూగవాణ్ణి చేశాడు. కన్నకొడుకు గుంజై నిలబడి ఉంటే, వాడి ఎదుటే కూర్చుని, వాడెవరో తెలియనట్టు ఉలవలు కలియబెట్టడం ఎంత కష్టమో నేను చెప్పలేను. కొమ్మన ముఖంలో మాత్రం ఏమీ కనిపించేది కాదు. ఆ ముఖం పుట్టుక నుంచీ అంతే. కొడుకులిద్దరూ దాన్ని చూసి భయపడటమే తప్ప, అది కరగడం ఎన్నడూ ఎరగరు.

గరళాక్షుడి దగ్గర ఉరుము అనే మగగుర్రం ఉంది. నల్లూబిలో గట్టినేల ఎక్కడుందో దాని గిట్టలకు తెలుసు. లోకంలో ఇంకే గుర్రానికీ ఆ విద్య లేదు. ఊబి మీద మంత్రాలు పనిచేయవు కాబట్టి, అలాంటి గుర్రాలు నూరు ఉంటే గాని గరళాక్షుడు తన సేనను పడమటి ఒడ్డుకు దాటించి అక్కడి రాజ్యాలను మింగలేడు. అందుకే వాడికి ఉరుము పిల్లలు కావాలి. పన్నెండేళ్ళుగా ఒక్క పిల్లా పుట్టలేదు. తెచ్చిన ఆడగుర్రాల్లో ఒక్కదానికీ చూలు నిలవలేదు. తప్పంతా సాహిణులదేనని తేల్చి గుంజలు నాటుకుంటూ వస్తున్నాడు.

తండ్రీ కొడుకులు ఈ కోటలోకి వచ్చింది మాత్రం గుర్రపుపిల్ల కోసం కాదు. ఊబి అంచున గుడిసె వేసుకున్న ఒక జోగురాలు వాళ్ళకు ఒక మాట చెప్పింది. పడమటి ఒడ్డున మౌనగిరి అడుగున పాలబుగ్గ అనే ఊట ఉంది. ఆ నీళ్ళు నెత్తిన పోస్తే రాయైన మనిషి తిరిగి మనిషవుతాడు. కాని ఏడాది లోపలే పోయాలి. ఏడాది దాటితే రాయి రాయే. మాచనకు ఎల్లుండి పొద్దుగుంకితే ఏడాది నిండుతుంది. పాలబుగ్గకు పోను ఒక పగలు, రాను ఒక పగలు. అంటే రేపు తెల్లవారేసరికి ఉరుము వీపు మీద ఉండాలి.

ఉరుమును భూగృహంలో ఏడు తాళాల వెనక ఉంచుతారు. అది వెలుగు చూసేది ఒకే ఒక్క సందర్భంలో. ఆడగుర్రం ఎదకు వచ్చి, సాహిణి "ఈ రోజే" అని తల ఒడ్డి చెప్పిన పూట. అందుకే కొమ్మన తన ఇంటి గుర్రం చుక్కను వెంట తెచ్చాడు. నుదుట తెల్లమచ్చ, మిగతా ఒళ్ళంతా చింతగింజ రంగు. బిడ్డలాంటి గుర్రం.

వచ్చిన రోజే చుక్క ఎద దాటింది. మళ్ళీ పదిహేను పదహారు రోజులకు రావాలి, వస్తే ఐదారు రోజులు ఉండాలి. ఇవాళ ఇరవయ్యో రోజు. చుక్కలో చలనమే లేదు.

"ఊఁ, తోలుకురా ఆ బుడంకాయను!" అని అరిచాడు తుంబడు.

తుంబడు అశ్వశాల అధికారి. మనిషి పొట్ట ముందు నడిస్తే తను వెనక నడుస్తాడు. బుడంకాయ అనేది ఒక పొట్టి తట్టు గుర్రం. ఆడగుర్రం మనసు తెలుసుకోవడానికి దాన్ని రోజూ ఒక చెక్కపలకకు అవతల నిలబెడతారు. ఇవతల ఆడగుర్రం. ఎదలో ఉన్నదైతే పలక దగ్గరికి జరిగి, చెవులు వదిలేసి, వెనక కాళ్ళు ఎడం చేసి తోక ఎత్తి నిలబడుతుంది. లేనిదైతే చెవులు వెనక్కి అతికించి తంతుంది. పాపం, బుడంకాయకు ఎప్పుడూ ఆశే గాని అనుభవం లేదు. అయినా రోజూ అదే ఉత్సాహంతో మెడ వంచి, జూలు విదిలించి, పెద్ద మగగుర్రంలా సకిలిస్తూ వస్తుంది.

బయ్యన దాన్ని పలక దగ్గరికి తెచ్చాడు. బుడంకాయ ముక్కు చాపింది. చుక్క చెవులు తలకు అతుక్కుపోయాయి. కీచుమని అరిచి, గిర్రున తిరిగి, రెండు కాళ్ళతో పలకను తన్నింది. పలక నిలువునా చీలింది. బుడంకాయ నాలుగడుగులు వెనక్కి దూకింది.

తుంబడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం భల్లణా, ఇరవై రోజులైంది. ఇదే తన్ను, ఇదే అరుపు. పన్నెండో గుంత తవ్వించమంటావా? మీ మూగోణ్ణి కూడా పక్కనే నాటిస్తాలే, తోడుంటాడు."

"తవ్వించండయ్యా, తవ్వితే నేల గుల్లబారుతుంది, మంచిదే" అన్నాడు కొమ్మన, ఉలవల్లో ఉప్పు వేస్తూ.

బయ్యన పిడికిళ్ళు బిగిశాయి. తండ్రి ఒక్క చూపు చూశాడు. పిడికిళ్ళు విడిపోయాయి.

చుక్క తన్నడానికి కారణం ఉంది. వచ్చేటప్పుడు దాని వెంట మూడు నెలల పిల్ల ఉంది. మెడలో మువ్వ కట్టుకుని తల్లి వెనకే గెంతుకుంటూ వచ్చింది. సింహముఖ ద్వారం దగ్గర ఏదో సీతాకోకచిలుకను చూసి ఒక్క క్షణం ఆగింది. తలుపు మూసుకుంది. మళ్ళీ తెరిపించమని కొమ్మన గరళాక్షుడి కాళ్ళు పట్టుకున్నాడు. "నాకు పుట్టబోయే పిల్లలు కావాలి గాని పుట్టినవి కాదు" అన్నాడు వాడు. మూడు రోజులు గోడ అవతల నుంచి సన్నని సకిలింపు వినిపించింది. తల్లి ఇవతల నుంచి బదులిచ్చింది. నాలుగో రోజు తల్లి ఒక్కతే సకిలించింది. పొదుగు రాయిలా గట్టిపడి చుక్క అల్లాడిపోతే, కొమ్మన వేడినీళ్ళ గుడ్డ పెట్టి, పాలు నేలమీదికి పిండేసేవాడు. ఆ పాలు పారబోసే పని బయ్యనది. అతను దాన్ని ఎంత తొందరగా చేసినా కళ్ళు తడిసేవి.

మధ్యాహ్నం తుంబడు కుండెడు అన్నం తిని, నీడపట్టున గుర్రు పెట్టాడు. బయ్యన తండ్రి పక్కన కూర్చుని, ఉలవలు చెరుగుతున్నట్టు చాట ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాన్నా, ఇక అయిపోయింది. దిగులుతో దాని ఒళ్ళు ఎండిపోయింది. ఎద రాదు. ఈ రాత్రికి తాళాలు పగలగొట్టేద్దాం."

"ఏడు తాళాలూ పగలగొడతావు, వాటి వెనక ఉన్న ఏడు పాములనేం చేస్తావురా?" అన్నాడు కొమ్మన. తర్వాత పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, "ఇటు జరుగు. నీకు ఆఖరి మాట చెప్పాలి" అన్నాడు.

బయ్యన చేతిలో చాట జారిపోయింది.

వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. సాహిణి తన విద్యంతా కొడుకులకు నేర్పుతాడు. ఒక్క మాట మాత్రం దాచుకుంటాడు. అది ప్రాణం పోయేముందు చెప్పాల్సిన మాట. కొమ్మనకు అతని తండ్రి అలాగే చెప్పాడు, ఆ తండ్రికి అతని తండ్రి. ఏడాదిన్నర కిందట మాచన ఈ కోటకు బయలుదేరుతూ ఆ మాట చెప్పమని కాళ్ళ మీద పడ్డాడు. "నేనింకా చావలేదు" అని కొమ్మన కసిరాడు. మాచన ఆ మాట లేకుండానే వచ్చాడు. గుర్రం తోక ఎత్తిన మొదటి రోజే తొందరపడి ఉరుముతో దాటించాడు. చూలు నిలవలేదు. రెండోసారి దక్కిన గుర్రం అసలు తోకే ఎత్తలేదు. ఎదురుచూసి ఎదురుచూసి గుంజైపోయాడు.

"వద్దు నాన్నా" అన్నాడు బయ్యన. "ఇప్పుడొద్దు. ఇంటికెళ్ళాక, నువ్వు ముసలాడివై మంచాన పడ్డాక చెబుదువుగాని."

"మూగవాడివి గదరా, నోరు మూసుకుని విను" అన్నాడు కొమ్మన. మాటలు కటువుగానే ఉన్నాయి గాని చెయ్యి మాత్రం కొడుకు మోకాలి మీద పడింది. "పెద్దోడికి ఆ పూట చెప్పి ఉంటే వాడక్కడ నిలబడేవాడు కాదు. ఆచారం ఆచారం అని నేనే వాణ్ణి రాయి చేశాను. ఆ మాంత్రికుడు కాదు, నేను. విను. మగగుర్రం ఎదురుగా ఉన్నప్పుడు ఆడగుర్రాన్ని లోకమంతా చూస్తుంది. అది వెనుదిరిగి పోతున్నప్పుడు ఎవడూ చూడడు. అందరి కళ్ళూ మగగుర్రం వెంట పోతాయి. దిగులున్న గుర్రం, పిల్లను పోగొట్టుకున్న గుర్రం, ఎదురుపడితే తంతుంది. మనసు దాచుకుంటుంది. అవతలి వాడు వెనుదిరిగాకనే బయటపడుతుంది. రెండు ఊపిర్ల సేపు. అంతే. ఆ రెండు ఊపిర్లూ చూసినవాడే సాహిణి."

బుడంకాయను మళ్ళీ తెచ్చారు. చుక్క మళ్ళీ తన్నింది. ఈసారి కొమ్మన తట్టును పట్టుకుని గోడ మలుపు దాటించాడు. బయ్యన గడ్డిమేటు చాటున ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తట్టు గిట్టల చప్పుడు దూరమైంది. చుక్క మెల్లగా తల అటు తిప్పింది. వెనక్కి అతికిన చెవులు వదులయ్యాయి. వెనక కాళ్ళు ఎడమై, నడుము వంగి, తోక పక్కకు లేచింది. కాసిని మూత్రపు బొట్లు నేల మీద పడ్డాయి. ముక్కులో ఏదో సన్నగా గునిసింది. అంతలోనే తోక దించేసి, గోడవైపు తిరిగి నిలబడింది, పిల్ల సకిలింపు వినిపించిన గోడవైపు.

కొమ్మన తిరిగి వచ్చాడు. "చూశావా?"

బయ్యన తల ఊపాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఇవాళ్టికి ఐదో రోజు. మొదట్లో ఉరుమును వదిలితే ఇది తన్నేది. తన్నులు తిన్న మగగుర్రం వెర్రెత్తి ఎవరి చేతిలోనూ నిలవదు. రేపు పొద్దునకు పండుతుంది. జత కుదిరి దిగాక ఉరుము తలొంచుకుని గుక్క తిప్పుకుంటుంది. అప్పుడెక్కు. దానికి ముందు లాగావో, చుక్కను వదిలి ఒక్క అడుగు వేయదు."

"నువ్వు ఉరుము తాడు పట్టుకో నాన్నా. నేను చుక్క దగ్గరుంటా."

"ఈ మోకాళ్ళతో గుర్రమెక్కమంటావా? పైగా చుక్క నా చేతిలో తప్ప నిలవదు."

చేతితో జతకట్టించే పనికి ఇద్దరు కావాలి. ఒకరు ఆడగుర్రం తల దగ్గర, ఒకరు మగగుర్రం తాడు పట్టుకుని. పారిపోగలిగేది తాడు పట్టినవాడే. బయ్యనకు ఈ సంగతి ఇరవై రోజుల కిందటే తోచి ఉండాలి. తోచలేదు. తండ్రి ఇంటి దగ్గర బయలుదేరిన నాడే ఆలోచించుకుని వచ్చాడని ఇప్పుడు అర్థమైంది.

"నేను పోయాక నిన్ను…"

"గుంజ చేస్తాడు. చేయనీ. నాకు ఏడాది గడువుంటుంది. మీ అన్నకు ఎల్లుండి సాయంత్రం దాకానే ఉంది." కొమ్మన లేచి ఉలవలు దించాడు. "ఒక్కటే గుర్తుపెట్టుకో. ఊబిలోకి దిగాక వెనక్కి చూడకు. ఉరుము నీ మెడ ఎటు తిరిగితే అటు తడబడుతుంది."

ఎండ వాలే వేళకు కబురు గరళాక్షుడికి అందింది. వాడే స్వయంగా వచ్చాడు. నేలమీద జీరాడే నల్లపట్టు, పాము పడగ ఉన్న దండం, రెప్పలు వాలని పచ్చకళ్ళు. చీలిన పలకను చూశాడు. చుక్కను చూశాడు. చుక్క చెవులు వెనక్కి పెట్టింది.

"ఈ గుర్రం ఎదలో ఉందా? పొద్దున పలక చీల్చిందట!"

"ఉంది ప్రభూ. రేపు సూర్యోదయానికి దాటిస్తే నిలుస్తుంది."

"నిలవకపోతే?"

"ఇంకో గుంజ లెక్కకు వస్తుంది ప్రభూ."

"ఆ మాట నువ్వు చెప్పనక్కర్లేదు" అని గరళాక్షుడు పదకొండో గుంజకు దండం ఆనించి, "వీడూ ఇలాగే ధైర్యంగా మాట్లాడేవాడు" అన్నాడు. కొమ్మన ఉలవల కుండ మీద మూత సరిచేశాడు.

తెల్లవారింది. తూర్పు కొండల మీద ఎరుపు ఆరకముందే భూగృహపు తలుపులు ఏడూ ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. పదిమంది భటులు గొలుసులు పట్టి లాగుతుండగా ఉరుము బయటికి వచ్చింది. ఏం చెప్పను దాని అందం! వానాకాలపు మబ్బు రంగు, మోకాళ్ళ దాకా వేలాడే జూలు, విశాలమైన రొమ్ము, నేలను తాకీ తాకనట్టు పడే గిట్టలు, ఏడాదిగా ఎండ చూడని కళ్ళు. అది ఒక్కసారి సకిలించేసరికి బురుజుల మీద వేయి గంటలూ మోగాయి. బయ్యన గొలుసులు విప్పించి, పొడుగాటి తాడు కళ్ళేనికి తగిలించి, ఎడమ భుజం పక్కన నిలబడ్డాడు.

కొమ్మన అప్పటికే చుక్క తోకకు గుడ్డ చుట్టి, వేడినీళ్ళతో కడిగి, వెనక కాళ్ళకు మెత్తటి తాడుతో వదులు బంధం వేశాడు. గుర్రం కదలకుండా పై పెదవికి తాడు మెలిపెట్టే కర్రను తుంబడు అందిస్తే, అక్కర్లేదని పక్కన పడేశాడు. చుక్క నుదురు తన రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాడు.

ఉరుము దగ్గరికి వచ్చింది. చుక్క చెవులు వెనక్కి వాలాయి. కీచుమంది. వెనక కాళ్ళు బంధం మీద గింజుకున్నాయి.

"తన్నేస్తోంది! ముసలాడు అబద్ధమాడాడు!" అని తుంబడు కేక పెట్టాడు. గరళాక్షుడి దండం పైకి లేచింది.

కొమ్మన కళ్ళతోనే సైగ చేశాడు. బయ్యన ఉరుమును గిర్రున వెనక్కి తిప్పాడు. పదడుగులు నడిపించాడు. ముంగిట్లో ఉన్న కళ్ళన్నీ ఉరుము వెంటే తిరిగాయి. గరళాక్షుడి పచ్చకళ్ళూ తిరిగాయి. చుక్కను చూసింది ఇద్దరే. ఒకటో ఊపిరికి చెవులు వదిలింది. రెండో ఊపిరికి తోక లేచింది.

"ఊఁ" అన్నాడు కొమ్మన.

బయ్యన ఉరుమును మళ్ళించి తెచ్చాడు. ఈసారి చుక్క కదల్లేదు. కొమ్మన దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఉరుము ముందరి గిట్టలు లేచాయి. బయ్యన తాడు వదులు చేసి పక్కనే ఉండిపోయాడు. మబ్బురంగు తోక మూడు నాలుగు సార్లు కిందికీ పైకీ కొట్టుకుంది. పని అయిందనడానికి సాహిణులు చూసే గుర్తు అదే. కొమ్మన చుక్క తలను తనవైపు తిప్పుకుని ఒక అడుగు ముందుకు నడిపించాడు. ఉరుము దిగి, తల వంచి, గుక్క తిప్పుకుంది.

పన్నెండేళ్ళ కోరిక తీరిన గరళాక్షుడు ఆనందంతో కళ్ళు మూసుకున్నాడు. వాడు కళ్ళు మూయడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

బయ్యన జూలు పట్టి ఎగిరాడు. మడమ తగలగానే ఉరుము బాణంలా లేచింది. "పట్టుకోండి!" అంటూ తుంబడు అడ్డం వచ్చి, గుర్రం ఛాతీ తగలకముందే భయంతో వెనక్కి నడిచి, నీళ్ళతొట్టిలో కూలబడ్డాడు. భటులు ఈటెలు విసిరారు. ఒకటి బయ్యన భుజం చీరుకుని పోయింది. ఒకటో ప్రాకారం, రెండోది, మూడోది! ఏడో ప్రాకారానికి పడమటి వాకిలి ఉంది గాని తలుపు లేదు. ఊబి ఉండగా తలుపెందుకని గరళాక్షుడు పెట్టించలేదు. ఉరుము ఆ వాకిలిలోంచి ఒక్క దూకు దూకి నల్లబురదలో పడింది. బురద గిట్టల దాకా వచ్చి ఆగిపోయింది. కింద గట్టినేల ఉంది.

వెనక నుంచి దండం విసిరిన మంటలు ఊబి అంచున పడి, తడికి చల్లారిపోయాయి.

వాకిళ్ళన్నీ ఒకే వరసలో ఉండటం వల్ల అశ్వశాల ముంగిలి ఊబిలోంచి తిన్నగా కనిపిస్తుంది. మాటలూ వినిపిస్తున్నాయి.

"ఎవడు వాడు? చెప్పు, ఎవడు?" అని గరళాక్షుడు అరుస్తున్నాడు.

"నా కొడుకు" అన్నాడు కొమ్మన. "పదకొండోవాడూ నా కొడుకే."

కడుపుతో ఉన్న గుర్రానికి సాహిణి అవసరం ఎంతో గరళాక్షుడికి తెలియకపోలేదు. కాని కోపం వచ్చినప్పుడు మాంత్రికులకైనా బుద్ధి పనిచేయదు. దండం నేలకు తాకింది.

వెనక్కి చూడకు అన్నాడు తండ్రి. చిన్నప్పటి నుంచీ తండ్రి చెప్పిన మాట బయ్యన ఒక్కటీ జవదాటలేదు. కాని నిన్న మధ్యాహ్నం ఇంకో మాట కూడా చెప్పాడు. దాచుకున్న మనసు అవతలివాడు వెనుదిరిగాకనే బయటపడుతుందని. బయ్యన కళ్ళెం బిగించి, మెడ తిప్పి వెనక్కి చూశాడు.

రాయి అప్పటికి కొమ్మన నడుము దాటింది. తండ్రి ఏడుస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో బయ్యన ఎన్నడూ చూడని ముఖం అది. చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి, కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే, చేయి చాపి, పోతున్న కొడుకునే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎన్నేళ్ళుగా దాచుకున్నాడో అంతా ఆ ముఖంలో ఉంది. మీ నాన్నకు నీవంటే ఇష్టం లేదని ఎవరైనా అంటే నిజమేననుకుంటూ పెరిగిన బయ్యనకు గుండె చెరువైపోయింది.

కొడుకు వెనక్కి తిరిగి చూస్తున్నాడని కొమ్మన గమనించాడు. గబగబా మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కనుబొమలు ముడివేశాడు. ఎప్పుడూ కసిరినట్టే కసురుతూ, ముందుకు చూడమని పడమటి దిక్కుకు వేలు చూపించాడు. రాయి గొంతు దాటి, నుదుటి దాకా పాకింది. ఆ కోపపు ముఖమే నిలిచిపోయింది.

రెండో చేతి పిడికిట్లో చుక్క తాడు అలాగే ఉంది. చుక్క కాసేపు ఎదురుచూసింది. తర్వాత తల తీసుకువచ్చి పన్నెండో గుంజ భుజం మీద పెట్టింది. ఇక ముందు ఆ గుంజను చూసేవాళ్ళు, వీడెవడో పరమ కోపిష్టి అనుకుంటారు. కాదని చెప్పగలిగేది బయ్యన ఒక్కడే.

"నాన్నా!" అని అరిచాడు బయ్యన. ఇరవై ఒక్క రోజుల మూగతనం ఊబి అంతా మారుమోగింది.

మెడ తిరిగినందుకు ఉరుము తడబడింది. ఎడమ ముందరి కాలు మోకాలి దాకా బురదలో దిగబడింది. బయ్యన ముందుకు తిరిగి, రెండు చేతులతో జూలు పట్టుకుని, దాని మెడ మీద వాలిపోయాడు. గుర్రం ఒళ్ళంతా వణుకుతోంది. ఎదుట కనుచూపు మేర నల్లటి బురద, దాని అవతల ఎక్కడో నీలంగా మౌనగిరి. నడుమ ఒక చోట బురద ఉబ్బి, పొలుసుల వీపు ఒకటి పైకి తేలి, మెల్లగా వాళ్ళవైపు తిరిగింది.

ఉరుము కాలు పైకి లాగింది. ఎక్కడ మోపాలో తెలియక గాలిలోనే పట్టుకుని నిలబడింది.

"అన్నకు రేపు సాయంత్రం దాకానే ఉంది" అన్నాడు బయ్యన దాని చెవిలో, తండ్రి చుక్క చెవిలో చెప్పినట్టే మెల్లగా. "పద."

ఉరుము కాలు మోపింది.